పగలగొట్టకుండా లేపించిన డ్రైవ్‌వే

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ప్లేనోలో. ఇక్కడి పాత కాలనీల్లో చాలా ఇళ్ళకి గరాజ్ వెనక సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందుకీ మా గరాజ్‌కీ మధ్య ఉన్న డ్రైవ్‌వే రెండు పెద్ద కాంక్రీట్ పలకలు. గరాజ్‌ని ఆనుకుని ఉన్న పలక ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కుంగుతూ వచ్చి, చివరికి గరాజ్ గచ్చుకన్నా రెండంగుళాలు కిందికి దిగింది. కారు లోపలికి పెట్టిన ప్రతిసారీ టైర్లు ఆ అంచుకి ధడేల్‌మని తగిలేవి. చెత్త డబ్బా లాక్కెళ్తే చక్రం ఇరుక్కునేది. ఇదంతా అలవాటైపోయింది, నిజానికి దీని గురించి మేం తొందరపడేవాళ్ళమే కాదు.

తొందరపెట్టింది ఇంటి ముందున్న నడకదారి. అందులో ఒక పలక బయటికి వాలాల్సింది ఇంటివైపు వాలింది. వాన పడితే నీళ్ళు పునాది పక్కనే మడుగు కట్టి మర్నాటికి గానీ ఇంకేవి కావు. టెక్సస్‌లో సొంతిల్లు ఉన్నవాళ్ళకి 'ఫౌండేషన్' అన్న మాట వింటేనే టెన్షన్. పార్టీల్లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే, ఎవరింటి తలుపు పట్టేస్తోంది, ఎవరు ఇంటి చుట్టూ పీర్లు (కుంగిన పునాదిని నిలబెట్టే స్తంభాలు) వేయించుకున్నారు అన్న కబుర్లు వీసా కబుర్లతో పోటీపడతాయి.

అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. ఆయన ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేరు. ఒకరోజు డ్రైవ్‌వే పక్కన గడ్డి కింద మట్టి తవ్వి, తడిపి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "అమ్మాయ్, ఇది మన చిలకలూరిపేట మట్టేనే!" అన్నారు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఉత్తరాన రెడ్ రివర్ నుంచి డాలస్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా ఉన్న బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంతా నల్లరేగడే. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండించారు. టెక్సస్ రాష్ట్ర మట్టిగా చెప్పుకునే 'హ్యూస్టన్ బ్లాక్' కూడా ఈ జాతిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. ఆగస్టులో మా పెరట్లో పడే నెర్రెల్లోకి పిల్లల స్కేలు సగం దాకా దిగిపోతుంది.

మన దగ్గర ఈ మట్టిలో కట్టే ఇళ్ళకోసం రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్ళు అడుగున ఉబ్బెత్తుగా వెడల్పయ్యే పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే స్తంభాల పద్ధతిని తెచ్చారని, పైన మట్టి ఎంత కదిలినా లోతున ఉన్న ఆ ఉబ్బు కదలనివ్వదని నాన్న మా ఆయనకి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇక్కడి ఇళ్ళకి ఎక్కువగా వేసేది వేరు. లోపల ఉక్కు కేబుళ్ళు పెట్టి, వాటిని బిగించి లాగిన ఒకే పెద్ద కాంక్రీట్ పలక మీద ఇల్లంతా నిలబెడతారు. మట్టి కదిలినా ఆ పలక మొత్తం ఒక్కటిగా కదలాలన్నది ఆలోచన. డ్రైవ్‌వేకి ఆ వైభోగం లేదు. నాలుగంగుళాల కాంక్రీట్, లోపల కొన్ని ఊచలు, అంతే. అందుకే ఇల్లు ఒక తీరుగా, డ్రైవ్‌వే ఇంకో తీరుగా కదులుతాయి. రెండూ కలిసే చోట మెట్టు పడుతుంది. పైగా పునాది వేసేటప్పుడు అంచుల చుట్టూ తవ్వి మళ్ళీ మట్టి నింపుతారు. "ఆ పూడికని పొరలుపొరలుగా పోసి దిమ్మిస కొట్టి ఉండరు" అని నాన్న తీర్పు చెప్పేశారు.

కుంగిన పలకని సుత్తితో తట్టుకుంటూ వెళ్తే చాలా సంగతి తెలుస్తుంది. సందువైపు 'టక్ టక్'మని గట్టిగా మోగిన కాంక్రీట్ గరాజ్ దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మోగింది. పైన పటారం, లోన లొటారం. పక్కన కాస్త మట్టి తీసి టార్చి వేసి చూస్తే కాంక్రీట్‌కీ నేలకీ మధ్య నా చెయ్యి పట్టేంత ఖాళీ. అది ముడుచుకున్న మట్టి ఒక్కదానివల్ల వచ్చిన ఖాళీ కాదు. గరాజ్ కప్పు మీది నీళ్ళు దిగే గొట్టం సరిగ్గా ఆ మూలే ఖాళీ అవుతోంది. నాన్న లెక్క వేశారు: ఆ గొట్టంలోకి వచ్చే కప్పు భాగం ఆరు వందల చదరపు అడుగులు అనుకుంటే, ఒక్క అంగుళం వానకి 370 గ్యాలన్ల పైన, అంటే 1,400 లీటర్ల నీళ్ళు ఆ ఒక్క మూల పడతాయి. ఇక్కడ వసంతకాలంలో ఒక్క తుఫానుకే రెండు మూడంగుళాలు కురవడం మామూలే. జాయింట్ సందుల్లోంచి దిగిన ఆ నీళ్ళు వదులుగా ఉన్న పూడికని కడుక్కుంటూ పోయాయి.

కాంట్రాక్టర్లని పిలవడం మొదలుపెట్టాం. మొదట వచ్చినాయన పలకని చూసీ చూడకుండానే పగలగొట్టి కొత్తది వేస్తానన్నాడు. పాత కాంక్రీట్ తవ్వి తీసుకెళ్ళడం, ఊచలు కట్టడం, పోయడం, ఆరేదాకా ఓ వారం కారు వీధిలో పెట్టుకోవడం. ధర ఐదు వేల డాలర్లకి దగ్గరగా చెప్పాడు. పలకలో ఒక్క సన్నటి పగులు తప్ప ఏమీ లేదు. కాంక్రీట్ బాగుండి కింద నేల పోయినప్పుడు కాంక్రీట్‌ని మార్చడం ఎందుకో నాకు అర్థం కాలేదు. కొత్త పలక కింద నేలని ఏం చేస్తారని అడిగితే, "పైపైన సర్ది కాస్త ఇసుక వేస్తాం" అన్నాడు. అంటే ఐదు వేలు పెట్టి అదే గుంత మీద కొత్త కాంక్రీట్.

రెండో ఆయన మడ్‌జాకింగ్ చేసే పెద్దాయన. పలకకి కన్నాలు వేసి, మట్టీ సిమెంటూ నీళ్ళూ కలిపిన ముద్దని పంపుతో కిందికి నెట్టి పలకని లేపడం. అమెరికాలో రోడ్లకి 1930ల నుంచీ వాడుతున్న పద్ధతి ఇది. చౌక. కన్నాలు మాత్రం అంగుళంన్నర పైనే ఉంటాయి, పూడ్చినా మచ్చలు కనిపిస్తాయి, కారు పెట్టడానికి కనీసం ఒక రోజు ఆగాలి. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. "మీ మట్టి అసలే మెత్తగా ఉంది. నా ముద్ద ఘనపుటడుగు వంద పౌన్లకు పైన తూగుతుంది. దాని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది" అని ఆయనే చెప్పాడు. నేల గట్టిగా ఉండి, కుంగడం ఎప్పుడో ఆగిపోయిన చోట అయితే నేను కళ్ళు మూసుకుని ఆయనకే ఇచ్చేదాన్ని.

చివరికి ఇచ్చింది ఫోమ్ వాళ్ళకి. ఇదీ అలాంటిదే, కాకపోతే ముద్దకి బదులు పాలీయురెథేన్ నురగ. దాన్ని తయారుచేసే రెండు రసాయనాల్లో ఐసోసయనేట్ ఒక డ్రమ్ములో, పాలియాల్ ఇంకో డ్రమ్ములో ఉంటాయి. రెండూ వేడిచేసిన పైపుల్లో విడివిడిగా వచ్చి తుపాకీ కొనలో కలుస్తాయి. కలిసిన కొన్ని సెకన్లలోనే పొంగి, గట్టిపడటం మొదలవుతుంది. గట్టిపడ్డాక ఘనపుటడుగు నాలుగైదు పౌన్లకు మించదు. కన్నం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులే, మన రూపాయి బిళ్ళ కన్నా చిన్నది. ధర కొత్త కాంక్రీట్‌లో సగం కన్నా తక్కువ, మడ్‌జాకింగ్ కన్నా ఎక్కువ. వాళ్ళకి ఇవ్వడానికి ధర ఒక్కటే కారణం కాదు. చూడటానికి వచ్చినతను టేపు బయటికి తీసేముందే "ఆ గొట్టం నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగాడు. నాన్న నా వైపు చూసి తలూపారు.

ఇంత నురగ టన్నుల కాంక్రీట్‌ని లేపుతుందంటే మా ఆయన నమ్మలేదు. నాన్న మళ్ళీ కాగితం తీశారు. పలక పదహారడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, నాలుగంగుళాల మందం. కాంక్రీట్ ఘనపుటడుగుకి 150 పౌన్లు. మొత్తం 9,600 పౌన్లు, నాలుగు టన్నుల పైమాటే. కానీ దాన్ని పలక అడుగు భాగం మొత్తానికీ పంచితే చదరపు అంగుళానికి పౌనులో మూడో వంతు ఒత్తిడి చాలు. అంచులు రాసుకోవడం, ఇరుక్కోవడం కలుపుకున్నా పెద్ద లెక్కేం కాదు. "లేపడం కష్టం కాదురా బాబూ, ఎక్కడ ఆపాలో తెలియడం కష్టం" అన్నారు.

ఒప్పుకునేముందు ఇంకో రెండు సంగతులు తేలాయి. ఒకటి, మా గరాజ్ గచ్చు మీద ఒక మూల ఇది పోస్ట్-టెన్షన్ పలక (ఇందాక చెప్పిన, కేబుళ్ళు బిగించిన రకం), కోయకూడదు, కన్నాలు వేయకూడదు అని ముద్ర ఉంది. ఇన్నేళ్ళూ నేను దాన్ని బిల్డర్ గుర్తు అనుకుని వదిలేశాను. ఇంటి పునాది కేబుళ్ళు గరాజ్ కింద కూడా ఉంటాయి. వాటిలో ఒకదానికి డ్రిల్లు తగిలిందంటే జరిగేది చిన్న నష్టం కాదు. కాబట్టి పని డ్రైవ్‌వే వైపు మాత్రమే. డ్రైవ్‌వేకీ పునాదికీ మధ్య ఊచలు దిగేసి ఉన్నాయా అని కూడా ఫోమ్ కంపెనీ అతను చూశాడు. ఉంటే ఆ అంచు పైకి రాదు, బలవంతం చేస్తే పలక మధ్యలో పగులుతుంది. మాకు లేవు.

రెండోది, తవ్వకాలకీ డ్రిల్లింగుకీ ముందు, నేల కింద లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811 నంబరుకి ఫోన్ చేయడం. ఉచితమే. గ్యాస్, కరెంటు, కేబుల్ వాళ్ళు వచ్చి నేల మీద రంగులు కొట్టి వెళ్తారు. కానీ మన సొంత స్ప్రింక్లర్ పైపులు వాళ్ళు గుర్తించరు, అవి మనమే చూసుకోవాలి. స్ప్రింక్లర్లు ఒక్కో జోన్ తిప్పి చూస్తుంటే డ్రైవ్‌వే పక్కనున్న ఒక తల కింద పైపు విరిగి, తిప్పిన ప్రతిసారీ నీళ్ళు ఊట ఊరుతున్నాయి. కప్పు నీళ్ళకి ఇదొక తోడు. దాన్ని బాగుచేయించాకే పలక పని పెట్టుకున్నాం.

సందువైపు పలకని మాత్రం ఎవరూ లేపలేమన్నారు. పక్కింటి ఓక్ చెట్టు వేరు కిందినుంచి ఎత్తి దాన్ని నాలుగైదు ముక్కలు చేసింది. లేపాలంటే పలక ఒక్కటిగా ఉండాలి. ముక్కలైతే ఒకటి లేస్తుంది, ఇంకొకటి వంగుతుంది. ఆ ఒక్క పలకనీ పగలగొట్టి కొత్తగా పోయించాం. ఇంటి ముందు కాలిబాటలో ఒకచోట రెండు పలకల మధ్య పావు అంగుళం పైచిలుకు ఎత్తు తేడా ఉంది. వికలాంగుల సౌకర్యం కోసం ఇక్కడున్న ఏడీఏ ప్రమాణాల ప్రకారం పావు అంగుళం దాటిన నిట్ట అంచుని ఏటవాలుగా అరగదీయాలి, అరంగుళం దాటితే ర్యాంపులా వాలు ఇవ్వాలి. మాది అరగదీస్తే సరిపోయేదే. దానికి ఫోమ్ దండగ అని వాళ్ళే చెప్పారు.

పని రోజు ఉదయం పెద్ద ట్రైలర్ వచ్చింది. లోపల డ్రమ్ములు, హీటర్లు, జనరేటర్. అక్కణ్ణుంచి పొడవాటి లావు పైపు. ముందు గరాజ్ అంచు వెంట ఉన్న జాయింట్‌ని రంపంతో శుభ్రం చేశారు. ఏళ్ళుగా ఆ సందులో దిగిన చిన్న రాళ్ళు, ఇసుక గట్టిపడి ఉన్నాయి. పలక పైకి వచ్చేటప్పుడు ఒక్క రాయి ఇరుక్కున్నా అంచు పెచ్చు ఊడుతుందట. తర్వాత కొలతలు. పలక అవతలి మూల నుంచి గరాజ్ గచ్చు దాకా దారం లాగి కట్టారు, లెవెల్ పరికరంతో అన్ని మూలల ఎత్తులూ పలక మీదే సుద్దతో రాసుకున్నారు. నురగ గొట్టేది ఒకడు, కొలత చూసేది ఇంకొకడు. మధ్యలో మాటలు చాలా తక్కువ. ఎక్కువగా వేళ్ళతో సైగలే.

కన్నాలు వేసి, ప్రతిదాంట్లో చిన్న ప్లాస్టిక్ మూతి దిగ్గొట్టి, తుపాకీ తగిలించి కొన్ని సెకన్లు నొక్కి వదిలేవాడు. మొదట్లో ఏమీ కదల్లేదు. లోపలి ఖాళీ నిండాలిగా. గరాజ్ మూల నుంచి పసుపు రంగు నురగ కాస్త బయటికి పొంగితే, అది గట్టిపడగానే పారలాంటి పట్టీతో గీకేశాడు. ఆ వాసన ఘాటుగా ఉంటుంది. వాళ్ళు మాస్కులు పెట్టుకున్నారు. నాన్నని, పిల్లల్ని లోపలే ఉండమన్నారు. నాన్న వింటే కదా, కిటికీలోంచి ఎంత కనిపిస్తే అంత చూశారు.

తర్వాత ఒక్కసారిగా గరాజ్ అంచు దగ్గర 'కిర్ర్'మని చప్పుడు. పలక కదిలింది. ఆ కదలిక కంటికి ఆనదు. దారానికీ కాంక్రీట్‌కీ మధ్య సందు సన్నబడుతూ రావడం మాత్రం కనిపిస్తుంది. ఒకేచోట నొక్కితే ఆ మూల లేచి మధ్యలో పగులుతుంది కాబట్టి, ఈ కన్నంలో కాస్త, ఆ కన్నంలో కాస్త, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకాస్త. ప్రతి నొక్కుకీ మధ్య ఆగి, నురగ పూర్తిగా పొంగేదాకా చూస్తారు. తుపాకీ వదిలాక కూడా అది కొంచెంసేపు పైకి తోస్తూనే ఉంటుంది. ఒకసారి ఎక్కువ లేచిందంటే దించడానికి దారి లేదు. అందుకే చివరి పావు అంగుళానికి పట్టినంత సమయం మొదటి అంగుళంన్నరకి పట్టలేదు. ముందే ఉన్న సన్నటి పగులు ఈ మధ్యలో వెంట్రుకంత తెరుచుకుంది. అలా జరగొచ్చని ఒప్పంద కాగితంలో రాసే ఉంది.

గరాజ్ గచ్చుకి సమానంగా తీసుకురాలేదు వాళ్ళు. పావు అంగుళం కిందే ఆపారు. పూర్తిగా సమానం చేయమని మా ఆయన అడిగితే అతను రెండు కారణాలు చెప్పాడు. డ్రైవ్‌వే గరాజ్ కన్నా కాస్త కిందే ఉండాలి, లేకపోతే వాన నీళ్ళు గరాజ్‌లోకి వస్తాయి. పైగా ఇప్పుడు వేసవి చివర, మట్టి పూర్తిగా ముడుచుకుని ఉంది. శీతాకాలం వానలకి అది ఉబ్బితే పలక ఇంకాస్త పైకి వస్తుంది. దానికి చోటు వదలాలి. నాకు ఈ ఒక్క మాటతోనే వాళ్ళ మీద పూర్తి నమ్మకం కుదిరింది. నల్లరేగడి మీద ఎండాకాలంలో పలకని గచ్చుకి సమానంగా లేపేసే కాంట్రాక్టరుకి ఈ ఊరి మట్టి తెలియదనుకోవాలి.

ఇంటి ముందు నడకదారి పలక చిన్నది, దాని పని త్వరగా అయిపోయింది. దాన్ని లేపింది కూడా ఒక్క పక్కే. ఇంటివైపు అంచు పైకి వచ్చి, వాలు మళ్ళీ గడ్డివైపు తిరిగింది. గొట్టంతో నీళ్ళు పోసి, అవి ఎటు పోతున్నాయో చూసుకున్నాకే మూతులు కోసేసి కన్నాలు సిమెంటుతో పూడ్చారు. పాత కాంక్రీట్ రంగుకీ ఆ చుక్కల రంగుకీ తేడా దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. వాళ్ళ ట్రైలర్ సందు దాటేలోపే కారు గరాజ్‌లో పెట్టుకోవచ్చన్నారు. పెట్టుకున్నాం.

వారంటీ కాగితం గురించి ఒక మాట. పలక మళ్ళీ కుంగితే వచ్చి లేపుతామని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఉబ్బే మట్టి కదలిక, ఇంటి యజమాని సరిచేయని నీటి పారుదల, చెట్ల వేళ్ళు, కొత్త పగుళ్ళు వారంటీలోకి రావు అని ఉంటుంది. మా ఊళ్ళో పలకలు కుంగేది దాదాపు ఈ కారణాలతోనే. కాబట్టి వారంటీ ఎన్నేళ్ళు అన్నదాని కన్నా వాళ్ళు నీటి గురించి ఏం అడిగారన్నది చూసి కాంట్రాక్టరుని ఎంచుకోమంటాను నేను.

మిగతా పని మాది. కప్పు నీళ్ళ గొట్టానికి నేలలోంచి పీవీసీ పైపు కలిపి సందు దాకా తీసుకెళ్ళాం. ఇంటి చుట్టూ మట్టి పోసి వాలు సరిచేశాం. ఇక్కడి ఇళ్ళ కోడ్ ప్రకారం మొదటి పదడుగుల్లో ఆరంగుళాల వాలు ఉండాలి. గరాజ్ జాయింట్‌లో సందుకన్నా కాస్త లావుగా ఉన్న ఫోమ్ తాడు లోపలికి దిగ్గొట్టి, దాని మీద తనంతట తానే సమంగా పరుచుకునే పాలీయురెథేన్ సీలెంట్ పోశాను. తాడు పెట్టకుండా పోస్తే ఆ సీలెంట్ ట్యూబులకి ట్యూబులు మింగేస్తుంది. జాయింట్ పూర్తిగా ఆరి ఉండాలి. తడి మీద పోస్తే అంటుకోదు. వేసవిలో పునాది చుట్టూ అడుగున్నర దూరంలో నీళ్ళు చెమర్చే సోకర్ హోస్ పరిచి వారానికి కొన్నిసార్లు తిప్పుతాం. నేలకి నీళ్ళు పట్టి ఇల్లు కాపాడుకోవడం ఏంటని నాన్న మొదట నవ్వారు. తర్వాత ఆయనే టైమర్ కొనిపించారు.

ఒక ఏడాది గడిచింది. ఆగస్టులో గరాజ్ అంచు దగ్గర మెట్టు కాస్త పెరిగింది, వసంతంలో మళ్ళీ తగ్గింది. వాళ్ళు వదిలిన పావు అంగుళం దాటి ఎప్పుడూ పైకి రాలేదు. పగులు అలాగే ఉంది. ముందు నడకదారి పక్కన నీళ్ళు నిలవడం లేదు. సీలెంట్ ఒక మూల వదిలితే ఆ ముక్క కోసి మళ్ళీ పోశాను. వెనక పాటియో పలక కూడా ఒకవైపు కొంచెం కుంగింది గానీ, దాని వాలు పెరటివైపే ఉంది, తలుపు దగ్గర మెట్టు కూడా లేదు. దాన్ని కూడా ఇప్పుడే లేపించుకుంటే తగ్గిస్తామని ఫోమ్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. అవసరం లేదన్నాను.